రొమ్ము క్యాన్సర్‌లో మందు పని, మొక్కు పని, మనుషుల పని

ఏటా అక్టోబరు రాగానే రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన మహిళల అనుభవాలు పత్రికల్లోనూ టీవీల్లోనూ విరివిగా వస్తాయి. తమను నిలబెట్టినవి దైవభక్తి, ఇంట్లోవాళ్ల అండ, ఇరుగుపొరుగు ఆదరణ అని వారిలో చాలామంది చెబుతారు. అదే వేదికపై వైద్యులు మాత్రం తొలిదశలో గుర్తించడం గురించి, చికిత్సను మధ్యలో ఆపకపోవడం గురించి మాట్లాడతారు. బయాప్సీ రిపోర్టు అప్పుడే చేతికొచ్చిన కుటుంబం ఈ రెండు మాటలూ విని, దేన్ని ఎంతవరకు నమ్మాలో తెలియక సతమతమవుతుంది. కొందరు భక్తిని మందుకు బదులుగా వాడుకుంటారు. మరికొందరు, ముఖ్యంగా చదువుకున్నవారు, ఇంట్లో పెద్దవాళ్ల పూజలన్నిటినీ మూఢనమ్మకంగా కొట్టిపారేసి, రోగి పట్టుకుని నిలబడిన ఆధారాన్నే లాగేస్తారు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. దాదాపు 98 వేల మంది ఈ జబ్బుతో మరణించారు. ఇన్ని ఇళ్లలో తలెత్తే ప్రశ్న కనుక దీన్ని కాస్త ఓపికగా విడదీసి చూడటం అవసరం.

రిపోర్టులో ఉండేది, చికిత్సకు పట్టే కాలం

రొమ్ము క్యాన్సర్ అనే ఒక్క పేరు కింద వేర్వేరు స్వభావాలున్న జబ్బులున్నాయి. గడ్డ ఎంత పెద్దది, చంకలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు వంటి చోట్లకు చేరిందా అన్నదాన్ని బట్టి స్టేజిని నిర్ణయిస్తారు. స్టేజి ఎంత ముఖ్యమో గడ్డ తీరు కూడా అంతే ముఖ్యం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల గ్రాహకాలు (కణాల మీద ఆ హార్మోన్లు వచ్చి అతుక్కునే చోట్లు) ఉన్నాయా, హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని బయాప్సీ ముక్క మీద పరీక్ష చేస్తారు. ఈ మూడూ లేని రకాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. పక్కింటి ఆమెకు మాత్రలతో సరిపోయి, మనింటి ఆమెకు కీమో తప్పకపోవడానికి కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది తప్ప ఎవరి పుణ్యంలోనూ కాదు.

చికిత్స కూడా ఒక్క రోజుతో ముగిసేది కాదు. గడ్డను మాత్రమే లేదా రొమ్మును పూర్తిగా తీసివేసే శస్త్రచికిత్స, చాలామందికి కొన్ని నెలల పాటు కీమో, ఆ తర్వాత కొన్ని వారాల రేడియేషన్, హెర్-2 రకమైతే సాధారణంగా ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు, హార్మోన్ గ్రాహకాలు ఉన్నవారికి ఐదు నుంచి పదేళ్ల పాటు రోజూ మాత్ర. ఇన్ని మెట్లున్న దారిలో ఏ మెట్టు దగ్గరైనా మనిషి ఆగిపోవచ్చు. భక్తి, కుటుంబం, సమాజం పనిచేసేది ఆ మెట్ల దగ్గరే.

మాట సాయం వేరు, చేత సాయం వేరు

అండ అనే మాటను మనం చాలా వదులుగా వాడతాం. ధైర్యం చెప్పడం, పక్కన కూర్చోవడం మాట సాయం. ఆసుపత్రికి తీసుకెళ్లడం, వంట చేయడం, పిల్లలను చూసుకోవడం, డబ్బు సర్దడం చేత సాయం. ఏ ఆసుపత్రిలో ఏ పథకం వర్తిస్తుంది, రిపోర్టులోని మాటకు అర్థమేమిటి అని తెలిసినవారు చెప్పడం మూడో రకం. క్యాన్సర్ అనగానే ఇంటికి వచ్చే చుట్టాలలో మొదటి రకం సాయానికి కొదవ ఉండదు. రెండోదానికి మనుషులు పలచబడతారు. మూడోది చెప్పగలిగినవారు ఏ ఒక్కరో ఉంటారు.

చేత సాయం అంటే ఏమిటో దగ్గరగా చూడాలంటే ఆపరేషన్ తర్వాతి రెండు వారాలను చూడాలి. రొమ్ము, చంక గ్రంథులు తీసినచోట చేరే ద్రవం బయటికి రావడానికి ఒక గొట్టం, దాని చివర చిన్న డబ్బా పెట్టి ఇంటికి పంపుతారు. రోజూ దాన్ని ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలిచి, కాగితం మీద రాసుకోవాలి. ఆ అంకె తగ్గాకే గొట్టం తీస్తారు. చెయ్యి బిగుసుకుపోకుండా గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించే వ్యాయామం చేయాలి. నిన్న ఎక్కడిదాకా అందిందో కూతురు గోడ మీద పెన్సిల్‌తో గీత పెడుతుంది, ఇవాళ ఆ గీత దాటాలి. ఓదార్పు మాటలన్నీ కలిపినా ఆ గీత చేసే పని చేయలేవు.

పరిశోధనలు ఒకదానికొకటి ఎందుకు విరుద్ధంగా కనిపిస్తాయి

1989లో అమెరికాకు చెందిన డేవిడ్ స్పీగెల్ బృందం ఒక ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ప్రకటించింది. శరీరంలో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మహిళల్లో, వారం వారం ఒకచోట చేరి తమ భయాలు చెప్పుకున్నవారు సగటున సుమారు 37 నెలలు జీవించగా, అలా చేరనివారు సుమారు 19 నెలలు జీవించారు. మనసు శరీరాన్ని నయం చేస్తుందనే వాదనకు ఇది పెద్ద ఊతమైంది. అయితే 2001లో కెనడా పరిశోధకులు 235 మందితో ఇదే ప్రయత్నం చేస్తే ఆయుర్దాయంలో తేడా రాలేదు. రెండు బృందాలవారూ దాదాపు 18 నెలలే జీవించారు. 2007లో స్పీగెల్ బృందమే 125 మందితో మళ్లీ చేసి, మొదటి ఫలితం నిలబడలేదని తేల్చింది. తన పేరు నిలబెట్టిన ఫలితాన్ని తానే మళ్లీ పరీక్షకు పెట్టి, రాని ఫలితాన్ని ప్రచురించిన ఆ నిజాయితీ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కెనడా అధ్యయనంలో మరొకటి కూడా తేలింది: బృందంలో కలిసినవారికి మనోవేదన, నొప్పి తీవ్రత తగ్గాయి, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ బాధలో ఉన్నవారికి.

మరి అండ వల్ల ఆయుష్షు పెరగదనుకోవచ్చా? అలాగనుకోవడమూ తొందరపాటే. 2006లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,835 మంది నర్సులపై వెలువడిన అధ్యయనంలో, జబ్బు రాకముందు నుంచే ఒంటరిగా ఉన్నవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు నలుగురితో కలిసి ఉన్నవారి కంటే సుమారు రెట్టింపు కనిపించాయి. దగ్గరి బంధువులు, స్నేహితులు, ఎదిగిన పిల్లలు లేకపోవడం ఇందులో కీలకమని పరిశోధకులు భావించారు. 2013లో ఏడు లక్షల మందికి పైగా క్యాన్సర్ రోగుల రికార్డులను పరిశీలించినప్పుడు, పెళ్లయి జీవిత భాగస్వామి ఉన్నవారు తక్కువ ముదిరిన దశలో ఆసుపత్రికి రావడం, పూర్తి చికిత్స పొందడం, ఎక్కువ కాలం బతకడం కనిపించింది.

ఈ రెండు రకాల ఫలితాలనూ పక్కపక్కన పెడితే చిక్కు విడిపోతుంది. వారానికోసారి కలిసే బృందం ఇచ్చేది ప్రధానంగా మాట సాయం. అది మనసుకు మేలు చేసింది, గడ్డను మార్చలేదు. రోజూ ఇంట్లో ఉండే మనిషి ఇచ్చేది చేత సాయం. పరీక్షకు ముందే పంపేది, కీమో తప్పిపోకుండా చూసేది, జ్వరం రాగానే ఆటో పిలిచేది ఆ మనిషే. అయితే పెళ్లైనవారికీ కానివారికీ మధ్య సంపాదనలో, బీమాలో కూడా తేడాలుంటాయి గనుక, ఇలాంటి రికార్డుల అధ్యయనాలు కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా రుజువు చేయలేవన్న ఆక్షేపణ న్యాయమైనదే.

ప్రార్థన మీద కూడా పరీక్షలు జరిగాయి. 2006లో అమెరికాలో 1,802 మంది గుండె బైపాస్ రోగుల కోసం అపరిచితులు ప్రార్థించగా, రోగులకు తెలియకుండా చేసిన ప్రార్థన వల్ల తేడా రాలేదు. తమ కోసం కచ్చితంగా ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో ఇబ్బందులు కొంచెం ఎక్కువగానే, 59 శాతం మందిలో కనిపించాయి. భక్తుల వైపు నుంచి దీనికి వచ్చే జవాబు తేలికైనది కాదు: దేవుణ్ణి ప్రయోగశాలలో కొలవలేమని, ముక్కూమొహం తెలియనివారి ప్రార్థనకూ తల్లి తన బిడ్డ కోసం వెలిగించిన దీపానికీ పోలిక లేదని వారంటారు. ఈ పరీక్ష విశ్వాసాన్ని తప్పని తేల్చలేదు. దాన్ని మందులా లెక్కగట్టలేమని మాత్రమే చెప్పింది.

ఆలస్యం లెక్క: మూడు రోజుల ముహూర్తం, మూడు నెలల పసరు

ఆపరేషన్ మంగళవారం వద్దు, శుక్రవారం చేయించుకుంటామని కుటుంబం అడిగితే కొందరు వైద్యులు చిరాకుపడతారు. నిజానికి ఇక్కడ లెక్క వేసి చూడవచ్చు. 2020లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స ప్రతి నాలుగు వారాలు ఆలస్యమైనకొద్దీ మరణ ప్రమాదం సుమారు 8 శాతం పెరుగుతుంది. ఒకే స్థితిలో ఉన్న 100 మంది మహిళల్లో సకాలంలో ఆపరేషన్ జరిగితే 12 మంది మరణిస్తారని అనుకుందాం. మూడు రోజుల ఆలస్యంతో ఆ అంకె కదలదు. అదే ఊళ్లో పసరు మందు ఇచ్చేవారి దగ్గర మూడు నెలలు ఆగితే, 8 శాతం మూడుసార్లు చేరి ప్రమాదం 26 శాతం పెరుగుతుంది. 12 కాస్తా 15 అవుతుంది. ఇది ఎవరి విషయంలోనూ జోస్యం కాదు, స్థూలమైన అంచనా మాత్రమే. అయినా ముహూర్తం కోసం పోట్లాడి కుటుంబాన్ని దూరం చేసుకోవడం కంటే, ఆ మూడు రోజులు ఇచ్చి మూడు నెలలను కాపాడుకోవడం తెలివైన బేరం.

ఆసుపత్రి చికిత్సను పూర్తిగా వదిలేసినప్పుడు లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇతర భాగాలకు పాకని రొమ్ము క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే చేయించుకున్నవారిలో మరణ ప్రమాదం మామూలు చికిత్స పొందినవారి కంటే ఐదు రెట్లకు పైగా ఉంది.

భక్తి తోడ్పడే చోటు, అడ్డుపడే చోటు

మన మొక్కుల పద్ధతిలో ఒక విశేషముంది. నయమైతే కొండకు వస్తాను, తలనీలాలు ఇస్తాను అని పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెడతారు. మొక్కు తీర్చేది తర్వాత. ఈలోగా చికిత్సకు అదేమీ అడ్డు రాదు. ఎదురుచూడటానికి ఒక ఆసరా దొరుకుతుంది, అంతే. అందువల్ల మొక్కుకూ మందుకూ సహజంగా పోటీ లేదు. పోటీ వచ్చేది, ఎవరైనా మందు ఆపితేనే దేవుడి మీద నమ్మకమున్నట్టు అని షరతు పెట్టినప్పుడు. స్వస్థత కూటాల్లో కొన్నిచోట్ల ఈ ఒత్తిడి మరో రూపంలో వస్తుంది: స్వస్థత పొందానని అందరి ముందు సాక్ష్యం చెప్పిన స్త్రీకి, మర్నాడు కీమోకు వెళ్లడం తన మాటను తానే కాదన్నట్టు అనిపిస్తుంది. మందులు మానొద్దని వేదిక మీద నుంచే చెప్పే పాస్టర్లూ ఉన్నారు, ఆ ఒక్క మాట ఎంతమందిని కాపాడుతుందో చెప్పలేం.

కర్మ సిద్ధాంతం మరో చిక్కు. 'పూర్వజన్మకృతం పాపం వ్యాధిరూపేణ బాధతే' అనే పాదాన్ని పెద్దలు నిట్టూర్పుతో గుర్తు చేస్తుంటారు. విన్న రోగి ఇది తన తప్పేనని కుంగిపోతుంది. ఆ శ్లోకంలో రెండో పాదం కూడా ఉంది. వ్యాధి శాంతించే మార్గాలు చెబుతూ అది ఔషధాన్ని ముందు చెప్పి, దానం, జపం, హోమం, దేవతార్చన ఆ తర్వాత చెబుతుంది. ఆ పాదం పరామర్శకు వచ్చినవారి నోట అరుదుగా వినిపిస్తుంది.

కొన్ని ఆచారాలు చికిత్సకు అనుకోని విధంగా సాయపడతాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే కొన్ని కీమో మందులతో, మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలిపోతుంది. బోడితల అంటే వైధవ్యం గుర్తుకొచ్చే సమాజంలో ఇది ఆపరేషన్ కంటే ఎక్కువ భయపెడుతుంది. మొదటి డోసుకు ముందే తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి వచ్చే స్త్రీకి, జుట్టు జబ్బు లాక్కున్నది కాకుండా తాను స్వామికి ఇచ్చినది అవుతుంది. ఎదురుపడినవారు కూడా జాలిపడకుండా గోవిందా అంటారు. అదే ప్రయాణం కీమో మొదలయ్యాక, తెల్లరక్తకణాలు పడిపోయే రెండో వారంలో చేస్తే, క్యూలైన్ల రద్దీలో ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంటుంది. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అత్యవసరంగానే చూడాలి.

ఉపవాసాల సంగతీ ఇంతే. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు ఖాళీ కడుపుతో పడవు. వాంతులతో నీరసించిన శరీరానికి ఒక్కపొద్దు భారమవుతుంది. రోగులకు రంజాన్ ఉపవాసం నుంచి ఖురాన్ రెండో అధ్యాయమే వెసులుబాటు ఇచ్చింది, ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకోవచ్చని చెప్పింది. హిందూ ఇళ్లలో రోగి బదులు ఇంట్లో మరొకరు ఆ వ్రతం పట్టడం పరిపాటి. రేడియేషన్ తీసుకుంటున్న చర్మం సున్నితంగా ఉంటుంది కనుక అక్కడ విభూతి, పసుపు, అభిషేకపు నూనె రాయవద్దంటారు. నుదుట పెట్టుకుంటే ఏ అభ్యంతరమూ ఉండదు. చంక గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఉన్నందున, బిగుతైన గాజులను రెండో చేతికి మార్చమంటారు. ఇవన్నీ రోగి భయపడకుండా అడిగితే సులువుగా తేలే విషయాలు. ఏమంటారోనని అడగకుండా ఉండటం వల్లే చిక్కులు వస్తాయి.

ఇంట్లో దాచిపెట్టడం గురించి రెండు వాదనలు

"డాక్టరుగారూ, అమ్మకు మాత్రం చెప్పకండి, దిగులుతోనే పోతుంది" అనే మాట క్యాన్సర్ వైద్యులందరికీ పరిచితమే. ఈ మాట ప్రేమ నుంచే వస్తుంది. పెద్దవాళ్ల భారాన్ని పిల్లలు మోయడం మన ఇళ్లలో ధర్మం. అన్నీ రోగితోనే నేరుగా చెప్పాలన్న పద్ధతి కొందరికి కటువుగా తోస్తుంది. మరోవైపు, వార్డు బయట బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది, పక్క మంచం మీది ఆమె చెప్పేస్తుంది. ఏమీ తెలియనట్టు నటిస్తున్న పిల్లలతో తల్లి కూడా నటించాల్సి వస్తుంది. అందరూ తెలిసి, ఎవరూ మాట్లాడని ఇంట్లో ఎవరూ ఎవరికీ తోడు కాలేరు. అన్నిటికీ మించి, ఐదేళ్లు రోజూ మాత్ర వేసుకోవాల్సిన మనిషికి ఎందుకో తెలియకపోతే ఎలా వేసుకుంటుంది? ఆ హార్మోన్ మాత్రల్లో ఒకటైన టామాక్సిఫెన్‌ను ఐదేళ్లు వాడితే హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్ మరణాలు దీర్ఘకాలంలో సుమారు మూడో వంతు తగ్గుతాయి. అయినా అమెరికాలో 8,769 మందిపై జరిగిన అధ్యయనంలో హార్మోన్ మాత్రలను చివరిదాకా సక్రమంగా వాడినవారు సగం మందే. మొదటి మూడు నెలలు ఇంటినిండా ఉన్న చుట్టాలు, ఆ మాత్రల వల్ల ఒళ్లంతా వచ్చే వేడి ఆవిర్లతో ఆమె నిద్రలేని మూడో ఏడాదికి కనిపించరు. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నావని రోగినే అడగడం ఈ రెండు వాదనలకూ మధ్యేమార్గం.

ఆడపిల్లల పెళ్లిళ్ల భయం దాపరికానికి మరో కారణం. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే. ఆ లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. దాచడం వల్ల సంబంధం నిలవవచ్చేమో గానీ, నిజంగా జన్యులోపం ఉన్న ఇంట్లో ఆ పిల్లకు ముందే పరీక్షలు చేయించుకునే అవకాశం పోతుంది. ఇక జబ్బు అంటుకుంటుందని గిన్నెలు వేరు చేయడం, బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ తీసుకున్న అమ్మ దగ్గరికి పిల్లలను పోనివ్వకపోవడం ఏ ఆధారమూ లేని పనులు.

సమాజం అందించేది

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్సను పేదల ఇళ్లకు దగ్గర చేసింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షలైంది, ఆంధ్రప్రదేశ్‌లో అది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఆపరేషన్, మందుల ఖర్చు పథకం భరించినా, తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేకు వచ్చిన కూలీకి ఆ రోజు పోయిన కూలి, తోడొచ్చిన తమ్ముడి కూలి, రక్తపరీక్షలో కౌంట్ తక్కువ ఉందని వచ్చే వారం రమ్మన్నప్పుడు మళ్లీ అయ్యే ఖర్చు ఏ పథకంలోనూ ఉండవు. ఆ ఖాళీని నింపేవి డ్వాక్రా సంఘపు అప్పు, చర్చి చందా, కులసంఘం సత్రంలో గది. చికిత్స ప్రయాణాలకు రైల్వే ఇచ్చే రాయితీ సంగతి చాలామందికి చెప్పేవారే ఉండరు. క్యాన్సర్‌తో కన్నుమూసిన భార్య బసవతారకం పేరిట ఎన్.టి. రామారావు సంకల్పించిన ఆసుపత్రి, అమెరికాలోని తెలుగువారి తోడ్పాటుతో 2000లో హైదరాబాద్‌లో తెరుచుకుంది. ఒక ఇంటి దుఃఖం ఊరి ఆస్తిగా మారిన ఉదాహరణ అది.

సమాజపు సాయం చికిత్సకు ముందే మొదలుకావచ్చు. ముంబైలో లక్షన్నర మంది మహిళలపై ఇరవై ఏళ్లు సాగిన పరీక్షలో, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయగా, జబ్బు ముందు దశలోనే దొరికింది. యాభై ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాల తగ్గుదల కనిపించలేదు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేని ఈ పద్ధతిలో అసలు మెలిక సిగ్గు: తెలిసిన ఆశా కార్యకర్త, అక్కా అని పిలిచే మనిషి అడిగితేనే చాలామంది ఒప్పుకుంటారు.

నయం కాదని తెలిసిన తర్వాత

నాలుగో స్టేజిలో మందులు ఆయుష్షును పొడిగించగలవు, కొందరికి ఏళ్ల తరబడి. జబ్బును పూర్తిగా తీసేయడం మాత్రం చాలా అరుదు. ఇక్కడ విశ్వాసం పాత్ర మారిపోతుంది. అమెరికాలో 343 మంది ముదిరిన క్యాన్సర్ రోగులపై 2013లో వచ్చిన అధ్యయనంలో, తమ మతసమాజం నుంచి ఎక్కువ ఆధ్యాత్మిక అండ పొందినవారు ఉపశమన సంరక్షణను (జబ్బుతో పోరాటం కంటే నొప్పి, బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టే సంరక్షణను) తక్కువగా ఎంచుకుని, చివరి రోజులు ఐసీయూలో ఎక్కువగా గడిపారు. అద్భుతం జరుగుతుందని ఎదురుచూడటం, వెనక్కి తగ్గితే నమ్మకం పోగొట్టుకున్నట్టేనన్న భావన ఇందుకు కారణాలు కావచ్చు. వాటిని తేలికగా తీసిపారేయలేం. చివరి క్షణం వరకు ప్రయత్నించడం కూడా ఒక విలువే. అయితే అదే అధ్యయనంలో, మతసమాజపు అండ బలంగా ఉన్నవారిలోనే, వైద్య బృందం కూడా రోగి నమ్మకాల గురించి అడిగి మాట్లాడినచోట ఐసీయూ మరణాలు తగ్గి, నొప్పి తగ్గించే సంరక్షణను ఎంచుకున్నవారు పెరిగారు. రోగి దేవుడి గురించి మాట్లాడదలిస్తే ఆ మాట పూజారి దగ్గరో పాస్టరు దగ్గరో ఆగిపోకుండా, మార్ఫిన్ రాసిచ్చే డాక్టరు కూడా వినాల్సి ఉంటుందని ఆ ఫలితం చెబుతోంది.